ఇప్పబొగ్గు

ఆ వేసవిలో నా భార్యను ఓడించడానికి నేను పెద్దగా చేసిందేమీ లేదు. నోరు మూసుకున్నానంతే.

మార్చి రెండో వారం. జగదల్‌పూర్‌లో మా కాలేజీ ల్యాబులో ఏసీ పాడైపోయింది. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానును మా ముఖాల మీదకి కాకుండా మెషీను మీదకి తిప్పి పెట్టాం. మాధురి చేసిన బొగ్గు పరీక్షలో ఉంది. తెర మీద గీత లేస్తోంది, పడుతోంది. ఛార్జి ఎక్కుతోంది, దిగుతోంది. ఐదు వేల సార్లు ఎక్కి దిగినా ఆ గీతకు అలుపు రాలేదు.

"ఎంత?" అన్నారు మా గైడు రాజేశ్వరరావు సార్.

"గ్రాముకి మూడు వందల పన్నెండు ఫారడ్లు సార్." మాధురి తెర మీది అంకె మీద వేలు పెట్టింది.

సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశారు. అంకె మారలేదు.

నాది నూట ఎనభై ఆరు. రెండేళ్ళ కష్టం.

ఇద్దరిదీ ఒకటే పని. అడవిలో దొరికే సరుకును గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేయాలి. దాన్ని కాస్టిక్ పొటాష్‌తో కలిపి ఏడు వందల డిగ్రీల దగ్గర మళ్ళీ కాలిస్తే, కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు లెక్కలేనన్ని పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే అర ఎకరం. ఆ అర ఎకరం మీద కరెంటు వచ్చి కూర్చుంటుంది, అడిగిన క్షణంలో లేచి వస్తుంది. బ్యాటరీలా గంటలు పట్టదు. సూపర్ కెపాసిటర్ అంటే అదే. ఇక ఆ బొగ్గులో అక్కడక్కడా కార్బన్ పరమాణువును తప్పించి నైట్రోజన్ పరమాణువును చొప్పిస్తే కూర్చునే కరెంటు ఇంకా పెరుగుతుంది. దాన్ని డోపింగ్ అంటారు. నేను చింతపిక్కల పొట్టు కాల్చాను, నైట్రోజన్ కోసం యూరియా కలిపాను. మాధురి ఇప్పపువ్వు కాల్చింది. ఏమీ కలపలేదు.

"ఏమీ కలపకుండా ఇంత నైట్రోజన్ ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?" అన్నారు సార్.

"తెలీదు సార్. పువ్వులోనే ఉందేమో."

సార్ కాసేపు గడ్డం గోక్కుని అసలు మాట చెప్పారు. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ ఒకటి మా ల్యాబు నుంచి ఒకరిని ఏడాదిపాటు తీసుకుంటుంది. జూన్ నుంచి. ఏప్రిల్ చివర వాళ్ళ మేడం వచ్చి ఇద్దరి పనీ చూసి ఒకరిని ఎంచుకుంటారు.

"మొగుడూ పెళ్ళాలకి పోటీ పెట్టేశారేటి సార్!" అని నవ్వింది మాధురి. వాళ్ళది కిరండూల్. నాన్న ఇనుప గనిలో ఆపరేటరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. గని క్వార్టర్లలో పుట్టి పెరిగినా యాస పోలేదు.

నేనూ నవ్వాను. నా నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. అది ఎవరూ గమనించలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటర్ వెనక కూర్చుని నా భుజం మీద గడ్డం ఆనించింది. "నీ చింతపిక్క కూడా తక్కువేం కాదు గోపీ. కాస్త టైం పడతాదంతే."

ఓడినవాడికి గెలిచినవాళ్ళు పెట్టే ప్రసాదం జాలి. మింగుడుపడదు, ఉమ్మేయలేం.

ఆ వారమంతా ఫోన్లే. మామగారు గని క్యాంటీన్లో అందరికీ చెప్పేశారట. ఒకరోజు నేను స్నానం చేసి వస్తుంటే స్పీకర్లో ఆయన గొంతు వినబడింది. "అల్లుడుగారిది ఎంతొచ్చిందమ్మా?" మాధురి నన్ను చూసి గబుక్కున స్పీకర్ ఆపేసింది. ఆపకుండా ఉంటే బాగుండేది. ఆపింది కనక, ఆ తర్వాత ఏం చెప్పిందోనని నాలుగు రోజులు ఆలోచించాను. కూరలో ఉప్పు సరిపోయినా కోపం వచ్చేది. ఆమె హాయిగా నిద్రపోతే కోపం వచ్చేది. ఆమె గెలుపు మా రెండు గదుల ఇంట్లో మూడో మనిషిలా మంచానికడ్డంగా పడుకుంది.

శనివారం భోపాల్‌పట్నం బస్సెక్కాను.

మా బాపు శ్రీరంగానికి అక్కడ కొట్టుంది. చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు కాలంలో తునికాకు. నేను వెళ్ళేసరికి గోదాములో కొత్త పువ్వు రాశి ముందు కూర్చుని ఒక్కో గుప్పెడూ తీసి బొటనవేలితో నలుపుతున్నాడు.

"ఏందిరా, ఇంత సదువు సదివి మల్ల ఇప్పపువ్వు కాడికే వచ్చినవ్?"

"ఐదు కిలోలు కావాలె బాపు. మేలురకం."

"ఏం జేస్తవ్?"

"బొగ్గు జేస్త."

బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "మేలురకం పువ్వును బొగ్గు జేస్తవా? నీకన్న సారా కాసేటోళ్ళు నయం."

పువ్వును చేత్తో పట్టి చూడటం నాకు పలకా బలపం కన్నా ముందు వచ్చిన విద్య. ఎండిన పువ్వును నలిపితే వేలికి జిగురుగా అంటుకోవాలి, తేనెవాసన రావాలి. అంటుకోకపోతే దాని తీపి ఎవరో ముందే పిండుకున్నారన్నమాట. సారా కాచాక కుండలో మిగిలే పిప్పిని ఎండబెట్టి మంచి పువ్వులో కలిపి అమ్మేవాళ్ళుంటారు. పెళ్ళయిన కొత్తలో బాపు కోడలి ముందు నా గొప్ప చూపించాలని నా కళ్ళకు తువ్వాలు కట్టి పది గుప్పెళ్ళు చేతిలో పెట్టాడు. పదీ సరిగ్గా చెప్పాను. మాధురి చప్పట్లు కొట్టింది.

బాపు సంచి మూతికి పురికొస చుట్టి మా కొట్టు ముడి వేశాడు. రెండు చుట్లు, మూడోది కిందినుంచి, కొస లోపలికి దోపేయడం. గోదాములో ఎవరు ఏ సంచి విప్పినా తెలిసిపోవడానికి తాత కనిపెట్టిన ముడి అది. మా ఇంట్లో తప్ప ఎవరికీ రాదు. మాధురి కూడా నేర్చుకుందామని రెండు మూడుసార్లు చూసి, "ఇది ముడి కాదు, ముగ్గు" అని నవ్వి వదిలేసింది.

ఆ పువ్వును మాధురి చేసినట్టే, ఆమెకు చెప్పకుండా, ఆమె సెలవు పెట్టిన రోజుల్లో కాల్చాను. ఏ డిగ్రీ దగ్గర ఆమె ఆగిందో అక్కడే ఆగాను.

నూట నలభై ఎనిమిది.

నా జన్మలో ఒక చెడ్డ ఫలితానికి అంత సంతోషపడలేదు. అబద్ధం! మూడు వందల పన్నెండు అబద్ధం! ఆమె నోట్‌బుక్ తీసి పేజీ పేజీ వెతికాను. దొంగతనం ఎక్కడో దొరకాలి. దొరకలేదు. కొట్టేసిన అంకెలు కూడా కనబడేట్టు ఒక్క గీతే గీసి ఉంచింది. అంత నిజాయితీ చూసి ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడు బీరువా తెరిచాను. కింది అరలో ఆమె సరుకు సంచి ఉంది. చెట్టునార పోచతో మామూలుగా కట్టి ఉంది. ల్యాబు శుభ్రం చేసే హిడ్మే తెచ్చిచ్చిన సంచి. హిడ్మేది దోర్నపాల్ దగ్గరి పల్లె, దోర్లా తెగ మనిషి. అక్కడి పువ్వేనని మాధురి నోట్‌బుక్‌లో రాసుకుంది.

నార విప్పి చిటికెడు తీసి నలిపాను.

వేలికి అంటుకోలేదు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తేనె లేదు. పులిసిన వాసన.

పువ్వు కాదు. పిప్పి. కుండలో నానబెట్టి, పులియబెట్టి, సారా దించేశాక మిగిలింది. ఎండబెట్టి పందులకు వేసేది.

మిగతాదంతా ఒక్క క్షణంలో అర్థమైపోయింది. పువ్వులోని చక్కెర సారాగా పోయింది. కుండలో మిగిలింది పీచూ, పులియబెట్టిన ఈస్టూ. ఈస్టు నిండా ప్రొటీను, ప్రొటీను నిండా నైట్రోజన్. మాధురి ఏమీ కలపనక్కరలేకపోయింది. ఆ డోపింగ్ మా ల్యాబులో జరగలేదు, దోర్నపాల్ దగ్గర ఒక సారా కుండలో జరిగింది. గని క్వార్టర్లలో పెరిగిన పిల్ల ఇప్పపువ్వును చెట్టు మీదే చూసింది గానీ గుప్పిట్లో ఎప్పుడు చూసింది? తన చేతిలో ఏముందో ఆమెకే తెలీదు.

మాధురి పక్కగదిలోనే ఉంది. సెలవైనా సాయంత్రం నాలుగింటికి వచ్చి గాజుసామాను కడుగుతోంది. నీళ్ళ చప్పుడు వినబడుతోంది. "మాధూ, ఇటురా" అంటే చాలు.

సంచి మూతి కట్టేసి బీరువా మూశాను.

ఏప్రిల్ మొదట్లో హైదరాబాద్ నుంచి సుశీల మేడం కబురు పంపారు. పాత సరుకుతో వద్దు, కొత్తగా తెచ్చిన సరుకుతో చేసి చూపించాలి. మాధురి హిడ్మే కోసం చూసింది. హిడ్మే లేదు. పువ్వు రాలే కాలం కదా, తెల్లవారకముందే చెట్ల కింద బుట్టలతో ఉండాలి, ఊళ్ళకు ఊళ్ళే అడవిలో ఉంటాయి. ఫోను కలవలేదు.

"గోపీ," అంది మాధురి అన్నం వడ్డిస్తూ, "మావయ్య గారి కొట్లో పువ్వు దొరకదేటి?"

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"ఎందుకు దొరకదు," అన్నాను. "మేలురకమే తెప్పిస్తా."

"నువ్వు నాకు పోటీగాడివి. అయినా సాయం చేస్తున్నావు చూడు," అని నెయ్యి ఇంకో చెంచా వేసింది.

బాపు బస్సులో సంచి పంపాడు. అంత మంచి పువ్వు ఆ ఏడు జిల్లాలో ఎవరి దగ్గరా ఉండదు. మాధురి దాన్ని పట్టుకుని వాసన చూసి, "ఈసారి భలే తియ్యటి వాసనొస్తోందే!" అంది. అంత దగ్గరికి వచ్చింది. ఇంకొక్క అడుగు వేస్తే పట్టేసేది. నేను కొలిమి సరిచూసే పని పెట్టుకుని అటు తిరిగాను.

సుశీల మేడం సోమవారం వచ్చి తన కళ్ళముందే సరుకు తూయించి, కొలిమి మీద సంతకం చేసిన కాగితం అంటించి, గురువారం మళ్ళీ వచ్చారు. నూలుచీర, తక్కువ మాట. మొదట నా చింతపిక్క పెట్టారు. నూట తొంభై. మునుపు వచ్చినదానికి దగ్గరే. మేడం తలూపారు.

తర్వాత మాధురిది. గీత లేవలేదు. సగం లేచి, వంగి, పడింది.

నూట నలభై ఆరు.

మాధురి తీగలు విప్పి మళ్ళీ బిగించింది. నూట నలభై ఐదు. ఇంకో ఎలక్ట్రోడ్ పెట్టింది. నూట నలభై ఆరు. చేతులు వణకలేదు. వణికితే బాగుండు, నాకు చూడటం తేలికయ్యేది. నిదానంగా, ఒక్కొక్కటే, రోగి నాడి చూస్తున్నట్టు చూసింది.

"ఒక సంచిలో వచ్చింది ఇంకో సంచిలో రాకపోతే అది ఫలితం కాదమ్మా, అదృష్టం," అన్నారు సుశీల మేడం. కోపంగా కాదు, బాధగానే. "గోపీ, జూన్ ఒకటికి వచ్చేయండి."

ఇంటికి వచ్చాక నాకు ఇష్టమని బూరెలు చేసింది. "మనింట్లో ఒకళ్ళకైనా వచ్చింది కదా," అంది. ఒక బూరె కొరికాను. ఆ పిండి ఇప్పటికీ అంగిట్లో ఉన్నట్టే ఉంటుంది. గెలిస్తే కుళ్ళు పోతుందనుకున్నాను. పోలేదు. ఓడిపోయి కూడా మనిషిలా ఉండగలిగినందుకు ఇప్పుడు ఆమె మీద కుళ్ళు.

ఆదివారం అంది, "రేపు పాత సంచిలోది కొంచెం తీసి మళ్ళీ కాలుస్తాను గోపీ. సీటు కోసం కాదు. తప్పు నా చేతిదో, సరుకుదో తెలియాలి."

"ఇంకెందుకులే మాధూ."

"తెలియాలి."

సోమవారం పొద్దున్నే లేచి, పెట్రోలు పోయించుకొస్తానని చెప్పి ముందుగా ల్యాబుకు వెళ్ళిపోదామనుకున్నాను. పిప్పి సంచిని కాలేజీ వెనక మురుగు కాలవలో వేస్తే ఐదు నిమిషాల పని. లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. ఆటోలో వెళ్ళిపోయింది.

నేను వెళ్ళేసరికి ల్యాబులో ఇద్దరున్నారు. హిడ్మే ఊరినుంచి వచ్చేసింది. ఎండకు నల్లబడిన ముఖం, తలమీంచి అప్పుడే దించిన సంచి. మాధురి బల్ల మీద బాపు పంపిన పువ్వు మిగిలింది పళ్ళెంలో ఉంది. హిడ్మే దాన్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో దీదీ! గింత మంచి పువ్వును కాల్చినవా?"

"నువ్వు తెచ్చిచ్చింది కూడా పువ్వే కదా హిడ్మే."

"నేనిచ్చింది పువ్వెక్కడిది? కాల్చుడుకు గావాలన్నవ్ గద. తినేటి పువ్వును ఎవలన్న కాలుస్తరా, పాపం దలగదా? గందుకే కుండల మిగిలిన పిప్పి ఎండబెట్టి తెచ్చిన." కొత్త సంచి మీద తట్టింది. "ఇదీ గదే. మా అమ్మ పందులకు గూడ ఎయ్యకుండ నీకోసం దాసింది."

మాధురి కదల్లేదు. ఆమె కళ్ళలో లెక్క నడవడం నాకు కనబడింది. చక్కెర, సారా, ఈస్టు, ప్రొటీను. నాకు ఒక్క క్షణం పట్టింది. ఆమెకు అంతకన్నా తక్కువే పట్టింది. అప్పుడు కూడా, ఆ గుమ్మంలో నిలబడి కూడా, ఆ తేడాకి నాకు చురుక్కుమంది.

"గోపీ!" అంది ముఖమంతా వెలుగుతో. "పిప్పి అంట! ఈస్టు గోపీ, ఈస్టు!"

ఒక్క అంగలో బీరువా తెరిచి పాత సంచిని బయటికి లాగింది. బల్ల మీద పెట్టింది. విప్పడానికి మూతి మీద చెయ్యి వేసింది.

ఆగిపోయింది.

నేనూ అప్పుడే చూశాను. సంచి మూతికి నార లేదు. బాపు సంచికి చుట్టిన పురికొస ఉంది. రెండు చుట్లు, మూడోది కిందినుంచి, కొస లోపలికి దోపి ఉంది. ఆ రోజు నా బుర్ర ఆమెకు ఏం చెప్పకూడదో ఆలోచిస్తుంటే, నా చేతులు వాటికి వచ్చిన పని అవి చేసుకుపోయాయి.

హిడ్మే మా ఇద్దరి ముఖాలూ చూసి, చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

మాధురి సంచిని బల్ల మీదే నా వైపు జరిపింది.

"ఈ ముడి నాకు రాదు," అంది. "నువ్వే విప్పు."

విప్పాను. నాకు అరనిమిషం పట్టే పని. ఆ రోజు చాలాసేపు పట్టింది.

ఆమె గుప్పెడు తీసుకుని తూచి, నోట్‌బుక్‌లో తేదీ వేసి, పని మొదలుపెట్టింది. నేను సార్ గదికి వెళ్ళాను.

"సార్, పాత సంచిలో ఉన్నది పువ్వు కాదు, పిప్పి. నాకు ముందే తెలుసు."

"ఎప్పట్నించి?"

"మార్చి ఇరవై ఆరు."

సార్ కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవలేదు. "తేదీ కూడా గుర్తుందన్నమాట," అన్నారు.

హిడ్మే వాళ్ళ ఊళ్ళో మూడిళ్ళ నుంచి మూడు సంచులు తెప్పించారు. మూడు వందల తొమ్మిది, మూడు వందల పదిహేను, మూడు వందల పదకొండు. సుశీల మేడానికి నేనే ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, నా సంతకంతో. జవాబు నాకు రాలేదు, మాధురికి వచ్చింది. ఆ ఏడు మా ల్యాబులో నా పేరు తీసేశారు. నేను అడగలేదు, ఎవరూ బతిమాలలేదు.

మే చివర ఆమె పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాను. అన్ని రోజుల్లో మొదటిసారి ఆ సంగతి ఎత్తింది, చీర మడతపెడుతూ.

"నీకన్నా ఎక్కువొచ్చిందనా?"

"అవును."

"అంతేనా?"

"అంతే."

మడత విప్పి మళ్ళీ పెట్టింది. "వేరే ఇంకేదైనా కారణం ఉంటే బాగుణ్ణు గోపీ," అంది.

తొలివాన పడిన మర్నాడు హైదరాబాద్ బస్సెక్కింది.

నేను భోపాల్‌పట్నం వచ్చి బాపు గోదాములో కూర్చున్నాను. ఇప్పుడు పువ్వుతో పాటు పిప్పి కూడా కొంటున్నాం. బాపు మొదట నవ్వాడు, తర్వాత కారణం విన్నాడు, ఆ పైన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏటా వైశాఖంలో ఊరూరా తిరిగి, కుండ దగ్గరే నిలబడి చూసి, ఎండిన పిప్పి హైదరాబాద్ బస్సులో వేస్తాను. సంచికి మా ముడి వెయ్యను. చెట్టునారతో, ఎవరైనా విప్పగలిగేట్టు కడతాను.

ఏడాదికని వెళ్ళిన మాధురిని అక్కడే ఉంచేసుకున్నారు. సంచి అందగానే ఫోన్ చేస్తుంది. మా ఇద్దరి మధ్య ఇంకా తెగకుండా ఉన్నదేదైనా ఉంటే అది ఆ ఫోనే.

"తెరిచి చూశావా?"

"చూశాను. పిప్పే."

"నలిపావా?"

"నలిపాను. అంటుకోలేదు."

మొదటి ఏడు అక్కడితో పెట్టేసింది. ఈ ఏడు పెట్టెయ్యలేదు. అందుకని అడిగాను, "ఇప్పుడు ఎంతొస్తోంది?"

"మూడు వందల నలభై నాలుగు."

ఛాతీలో పాత చోటే చురుక్కుమంది. దాచుకోవచ్చు. అలవాటైన పనే.

"మాధూ, కుళ్ళుగా ఉంది," అన్నాను.

ఎన్నాళ్ళకో, అటునుంచి ఆ శ్రీకాకుళం నవ్వు.

"ఉండనీలే," అంది. "ఇంకో రెండు సంచులు పంపు."